రేపు జరిగిన వార్తలు

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకపోవడం వల్ల పొగడదిన్నె ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టారుగా మిగిలిపోయాను. స్నానం చేస్తూ ఒక పద్యం ఎత్తుకుంటే మా ఆవిడ తలుపు కొట్టి, "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంటుంది. కుర్రతనంలో ఒకసారి రేడియోలో వార్తలు చదివే పరీక్షకు వెళ్ళాను. అద్దాల గదిలో నాచేత రెండు వాక్యాలు చదివించుకుని, ఇంటికి వెళ్ళండి, కబురు చేస్తామన్నారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను లేకపోతే బాగుండదని ఇప్పటికీ ఇల్లు మారలేదు.

అంచేత 'నవవార్తా వికాసం' ఉత్తర్వు మా బడికి వచ్చిన రోజున అందరి గుండెల్లో రాయి పడితే, నా గుండెలో మాత్రం మైకు పడింది.

పైవాళ్ళెవరో ఏదో దేశం వెళ్ళి, అక్కడ తరగతి గదిలో పిల్లలు వార్తలు చదువుతుంటే చూసి కరిగిపోయారట. ఆ పిల్లలకు ఒక గదీ, కెమెరాలూ, దీపాలూ, ఆ పనికంటూ ఒక టీచరూ ఉన్నారట. ఉత్తర్వు మన జిల్లాదాకా వచ్చేలోపు అవన్నీ దారిలో ఎక్కడో దిగిపోయాయి. పిల్లలూ వార్తలూ మాత్రం క్షేమంగా చేరాయి.

మా హెడ్మాస్టరు కోదండపాణి గారికి ఉత్తర్వంటే భక్తి. కూర్చుని చదవరు.

"ప్రతి పాఠశాలయందును విద్యార్థులచే దినవార్తా ప్రసారము నిర్వహింపబడవలెను. తద్వారా విద్యార్థులయందు వాగ్ధాటి, లోకజ్ఞానము, నిర్భయత్వము పెంపొందింపబడవలెను. పెంపొందిన వివరములు ప్రతి సాయంత్రము యాప్ నందు పొందుపరచవలెను," అని నిలబడి చదివి, కళ్ళజోడు తీసి, మా వంక చూశారు. "ఎవరు చేస్తారు?"

లెక్కల మాస్టారు ఫ్యాను వంక చూశారు. ఆ ఫ్యాను తిరిగి చాలా కాలమైంది. సైన్సు మేడం మధ్యాహ్న భోజనం ఫోటోల యాప్ తన నెత్తిన ఉందని గుర్తుచేశారు. వ్యాయామం మాస్టారు బూట్ల కొలతల యాప్ లో ఉన్నారు.

"నాకెందుకండీ ఈ గోల," అంటూ నేను లేచి నిలబడ్డాను.

స్టూడియోకి తొమ్మిదో తరగతి గది తీసుకున్నాం, మా బడిలో ఫ్యాను తిరిగేది అక్కడొక్కచోటే. తొమ్మిదో తరగతిని వరండాలోకి పంపాం. వెనక గోడకి సైన్సు మేడం గారి నీలం పట్టుచీర కట్టాం. షామియానాలాయన రెండు పెద్ద దీపాలిచ్చాడు. అవి వేస్తే ఎండ గదిలోకి వచ్చినట్టే ఉండేది. కాకపోతే ఆ దీపాలూ, నీళ్ళ మోటారూ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోయేది. వార్తలసేపు మోటారు ఆపుదామనుకున్నాం. వార్తలకు ముందు రిహార్సలు, వెనక రీటేకులు వచ్చి చేరాక బడి ఉన్నంతసేపూ మోటారు ఆగిపోయింది.

బల్ల దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. టీవీల్లో ఉండేంత వెడల్పాటి బల్ల మా బడిలో లేదు. వెనక సామాన్ల గదిలో వెతికితే ఆడపిల్లల మరుగుదొడ్ల తలుపులు రెండు కనబడ్డాయి. బందులు తుప్పుపట్టి మొన్నటి వానలకు ఊడిపోతే తెచ్చి అక్కడ పెట్టారు. కోదండపాణి గారు రేపో మాపో వాటిని బిగించే ఏర్పాటులో ఉన్నారు. అందాకా ఊరికే పడి ఉండటమెందుకని నేను వాటిని బెంచీల మీద పరిపించి, వార్షికోత్సవం నాటి జరీ గుడ్డ కప్పాను. చాలా హుందాగా వచ్చింది. ఆ బల్ల వెనక కూర్చుని నేను ఒకటికి నాలుగుసార్లు "నమస్కారం" అని చూసుకున్నాను.

కానీ ఉత్తర్వులో విద్యార్థులచే అని ఉంది. ఆ ఒక్క మాట వల్ల నేను కుర్చీ ఖాళీ చేయాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి హెప్సిబాని ఎంచుకున్నాను. తెలుగు తడుముకోకుండా చదువుతుంది, నా చేతిరాతను కూడా. ఎంత బాగా నేర్పానో అని మురిసిపోతూ అడిగితే, "ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనేనండీ," అంది. వార్తలు చదివేవాళ్ళకు కోటు ఉండాలని కోదండపాణి గారు తన పెళ్ళినాటి కోటు తెచ్చారు. ఆ పిల్ల అందులో దూరి కూర్చుంటే ముఖమూ, వేళ్ళ కొసలూ మాత్రం కనబడేవి.

మొదటి వార్తలు తనే రాసుకొచ్చింది. ఉత్తర్వులో నిర్భయత్వము అని ఉందిగదా, నేనేమీ దిద్దలేదు.

"నమస్కారం. పొగడదిన్నె ఉన్నత పాఠశాల వార్తలు, చదువుతున్నది హెప్సిబా. ఆడపిల్లల మరుగుదొడ్లకు తలుపులు లేవు. కుళాయిలో నీళ్ళు లేవు. మధ్యాహ్నం పూట పెద్ద తరగతి ఆడపిల్లలు ఇళ్ళకు వెళ్ళి తిరిగి రావడం లేదు. నిన్న భోజనంలో గుడ్డు పెట్టలేదు. వార్తలు సమాప్తం."

ఎంత స్పష్టమైన ఉచ్చారణో! 'స్పష్టం' అనే మాట పలకని పిల్లలున్న బడిలో 'సమాప్తం' అని అంత తీరుగా అన్నందుకు నా కళ్ళు చెమర్చాయి. ఏ తలుపులు లేవని చదివిందో ఆ తలుపుల మీదే కాగితం పెట్టుకుని చదివిందన్న విషయం నాకు తట్టనేలేదు. నేను ఒత్తులు వింటున్నాను.

మర్నాడు జిల్లా బాలవార్తా సమన్వయాధికారి మార్కండేయులు గారు నన్నూ, కోదండపాణి గారినీ పిలిపించారు. ఆయన గదిలో ఏసీ చల్లగా ఉంది, ఆయన గొంతు అంతకంటే చల్లగా ఉంది.

"మాస్టరు గారూ, వార్త అనగా నేమి?"

"జరిగింది చెప్పడమండీ."

"అది కబురు. వార్త అనునది మూడు లక్షణములు కలిగి ఉండవలెను. ఒకటి, ప్రోత్సాహకరముగా ఉండవలెను. రెండు, ముందుగా మా కార్యాలయముచే ఆమోదింపబడవలెను. మూడు, ఆమోదించిన విధముగా జరుగవలెను."

"మరి నిజం కావడం అండీ?" అని నోరు జారాను.

"మూడవది అదియే కదా!" అన్నారాయన, పిల్లవాడికి ఎక్కం చెప్పినంత ఓపికగా.

కోదండపాణి గారు నా మోచేయి గిల్లి, ఆయన పుస్తకంలో ఆ మూడు లక్షణాలూ రాసుకున్నారు. వార్తలు రెండు రోజుల ముందు పంపాలి. ఆమోదం ఒక రోజు ముందు వస్తుంది. ఆమోదం వచ్చినదాంట్లో అక్షరం మారకూడదు.

"జరగకముందే ఎలా తెలుస్తుందండీ?" అని నేను గుమ్మం దగ్గర ఆగి అడిగాను.

"ప్రణాళిక ఉన్నచోట సందేహమునకు తావు లేదు," అన్నారు మార్కండేయులు గారు, తర్వాతి ఫైలు తెరుస్తూ.

చెప్పొద్దూ, నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. జరిగినదాన్ని రాయాలంటే ఎండలో తిరిగి చూడాలి. జరగబోయేది రాయడానికి కుర్చీ చాలు. నేను రాసేవాణ్ణి. చిన్న అక్షరాలు నాకు ఆనవు గనక హెప్సిబా నా ఫోనులో యాప్ తెరిచి ఎక్కించేది. "ఎనిమిదో తరగతి విద్యార్థులు ఆవరణలో కరివేప మొక్కలు నాటారు" అని పంపితే ఆమోదం వచ్చింది, మర్నాడు ఎనిమిదో తరగతి గోతులు తవ్వింది. "విద్యార్థులు క్రమశిక్షణతో నవ్వుతూ ప్రార్థన చేశారు" అని రాస్తే వ్యాయామం మాస్టారు ఈల వేసి నవ్వించారు.

నాకు హుషారెక్కింది. "వాలీబాల్ పోటీలో రావులకుంట పాఠశాలపై పొగడదిన్నె జట్టు ఘనవిజయం" అని రాశాను. ఆమోదం వచ్చింది. ఆటరోజు రావులకుంట హెడ్మాస్టరు చేతిలో కూడా ఒక ఆమోదం ఉంది. దాని ప్రకారం వాళ్ళే గెలిచారు. ఇద్దరు హెడ్మాస్టర్లూ నెట్టుకు చెరోవైపు నిలబడి ఆమోదాలు చూపించుకున్నారు. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఉభయ పాఠశాలలును గెలుపొందినట్లు చర్య తీసుకొనవలెను" అన్నారు. రెండు ఆటలు ఆడించాం. మొదటిది మావాళ్ళు ఓడాలి, రెండోది వాళ్ళు. గెలవడానికి పడే కష్టం నాకు తెలుసుగానీ, ఓడిపోవడానికి ఇద్దరూ అంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు. బంతి మీదికొస్తుంటే పిల్లలు పాము వచ్చినట్టు తప్పుకున్నారు. మా జట్టు నాయకుడు అలవాటు కొద్దీ ఒక బంతిని ఎగిరి కొట్టేసి, తలొంచుకుని నా దగ్గరికి వచ్చి, "తప్పయిపోయిందండీ," అన్నాడు. ఈసారికి క్షమించాను.

ఆ తర్వాత వారం "ఆహ్లాదకరమైన ఎండలో" అసెంబ్లీ జరగాల్సిన రోజున కుండపోత వాన పట్టుకుంది. ఉత్సాహంగా నూరు శాతం హాజరని కూడా రాసి ఉన్నాను. పిల్లలు నీళ్ళు కారుతూ, ఉత్సాహంగా నిలబడ్డారు. హెప్సిబా కోటు తడిసి బరువెక్కి ముందుకు తూలుతూ, "నిర్మలమైన ఆకాశం," అని చదివింది. ఇంకోరోజు కోదండపాణి గారికి చలిజ్వరం. కానీ "ప్రధానోపాధ్యాయులు ఉత్తేజపూరితంగా ప్రసంగించారు" అని ఆమోదం అయిపోయింది. ఆయన్ని కుర్చీతో సహా మోసుకొచ్చి, దుప్పటి కప్పి, మైకు అందించాం. పళ్ళు టకటకలాడుతుంటే ప్రసంగం నిజంగానే ఉత్తేజపూరితంగా వినబడింది.

గుడ్ల సంగతి కూడా అట్లాగే అయింది. "విద్యార్థులు ఉడికించిన గుడ్లు ఇష్టంగా ఆరగించారు" అని వార్త వచ్చేసింది, గుడ్లు రాలేదు. కోదండపాణి గారు తలపట్టుకుని, వ్యాయామం మాస్టారి మోటారు సైకిలు మీద ఊళ్ళో కొట్లన్నీ తిప్పించి, భోజనం గంట కొట్టేలోపు గుడ్లు తెప్పించారు. ఆ మధ్యాహ్నం హెప్సిబా ఫోనులో వార్తలు ఎక్కిస్తూ ఆగి అడిగింది.

"మాస్టారూ, రెండు వారాల్నుంచీ రాని గుడ్డు ఇయ్యాల ఎట్టా వచ్చిందండీ?"

"వార్తలో ఉంది కదమ్మా."

"వార్తలో ఉంటే ఏదైనా వచ్చిద్దా అండీ?"

"ఆమోదం ఉంటే వస్తుంది," అన్నాను, 'ఆరగించారు'కి బదులు 'భుజించారు' అంటే ఎట్లా ఉంటుందా అని ఆలోచిస్తూ.

ఆ రోజుల్లో నేను వెలిగిపోతున్నాను. మా వార్తలు జిల్లాలో మొదటి వరసలో ఉన్నాయని మార్కండేయులు గారు అన్నారు. 'ఉత్తమ వార్తాగురువు' బిరుదుకు నా పేరు పరిశీలనలో ఉందని కోదండపాణి గారు చెవిలో చెప్పారు. నేను శాలువా ఏ రంగైతే బాగుంటుందో మా ఆవిణ్ణి అడిగాను. "పాఠాలు చెప్తున్నందుకా?" అంది. దీపావళి దాటినా ఏ తరగతిలోనూ నేను పుస్తకం తెరవలేదన్న సంగతి ఆవిడకెందుకులే అని ఊరుకున్నాను.

ఒక్కటే లోపం. హెప్సిబా గొంతు చివర్లో జీరబోయేది. 'సమాప్తం' దగ్గర బొత్తిగా ఎండిపోయేది. నా బిరుదు ఆ గొంతు మీద ఆధారపడి ఉంది గనక పటికబెల్లం తెచ్చి ఇచ్చాను.

"ఇది చప్పరించు. మధ్యమధ్య నీళ్ళు తాగుతుండాలమ్మా. సీసా తెచ్చుకుంటున్నావుగా, అట్లాగే నిండుగా తీసుకెళ్తున్నావేం?"

ఆ పిల్ల కోటు చేతుల్లో వేళ్ళు దాచుకుంది. "పొద్దున్నుంచీ తాగనండీ. తాగితే మళ్ళీ ఇంటికి పోవాల్సొచ్చిద్ది. ఇల్లు లారీలు తిరిగే పెద్దరోడ్డవతల గదండీ, పోతే మళ్ళీ ఆ రోడ్డు దాటి రావొద్దంటది అమ్మ."

నాకు సిగ్గేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఇద్దరు కూతుళ్ళను పెంచినవాణ్ణి, నాకు అది తట్టకపోవడమేమిటని నిజంగా బాధపడ్డాను. ఆ సిగ్గు భోజనం వేళ దాకా ఉంది. భోజనం అయ్యాక మర్నాటి వార్తల రిహార్సలు మొదలైంది.

గురువారం పొద్దున హెప్సిబా తల్లి రూతమ్మ బడికొచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే మనిషి, కొంగు విదిలిస్తే మాకు తుమ్ములొచ్చాయి.

"పిల్లకి టీసీ ఇయ్యండయ్యా. రేపట్నుంచి నాతో పాటు పనికొచ్చిద్ది."

నా ప్రాణం పోయినంత పనైంది. అందులో ఎంత భాగం ఆ పిల్ల చదువు కోసమో, ఎంత భాగం నా శాలువా కోసమో అప్పుడు లెక్క చూసుకోలేదు. చూసుకోకపోవడమే మంచిది.

"బాగా చదివే పిల్లమ్మా," అన్నాను.

"అందుకేగా ఇన్నాళ్ళూ ఆగింది. పొద్దున పోయి సాయంత్రం దాకా నీళ్ళు తాగకండా ఉంటంది సారూ. మొన్న కడుపులో నొప్పని మెలికలు తిరిగింది. డాక్టరు నన్ను తిట్టాడు. పెద్దపిల్ల. మీ ఇంట్లో పిల్లనైతే ఇట్టా కూకోబెడతారా?"

నేను ఒత్తులు కూడా వినలేదు.

కోదండపాణి గారు తన ఆయుధం తీశారు. "చూడమ్మా, శనివారం దాకా వార్తలు చదివేది హెప్సిబానే అని పేరు పంపించాం. చదువుతున్నవాళ్ళ పేరుకు ముందుగానే ఆమోదం అయిపోయింది. ఇప్పుడు మానేస్తే వార్తకు విరుద్ధం అవుతుంది."

రూతమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే, శనారం దాకా. ఆలోపు దొడ్లకి తలుపులు పెట్టి, నీళ్ళు రాకపోతే మాత్రం టీసీ చేతిలో పెట్టాల. మీ వార్త మీది, నా పిల్ల నాది."

కోదండపాణి గారు వెంటనే జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశారు. మరుగుదొడ్ల మరమ్మతు మరొక విభాగము క్రిందకు వచ్చునని, ఆ విభాగమునకు వ్రాయుటకు ముందు మరొక విభాగమును సంప్రదింపవలెనని జవాబు వచ్చింది. "మనం చేయగలిగింది చేశాం," అని ఆయన ఫోను పెట్టేశారు. నేనూ తలూపాను. ఆ మధ్యాహ్నం హెప్సిబా ఎప్పట్లా నా ఫోను తీసుకుని శనివారం వార్తలు ఎక్కించింది. ఏడ్చిన కళ్ళతో ఎక్కిస్తోందని చూశానుగానీ, ఏం ఎక్కిస్తోందో చూడలేదు.

శుక్రవారం పొద్దున కోదండపాణి గారు ఫోను పట్టుకుని స్టూడియోలోకి పరుగెత్తుకొచ్చారు. పరుగెత్తే వయసు కాదు, స్వభావం అంతకన్నా కాదు.

"యజ్ఞనారాయణ గారూ! ఆమోదం వచ్చింది. 'అత్యంత ప్రశంసనీయం, జిల్లాకే ఆదర్శం' అని సొంతంగా రాశారు! ఎవరు రాసిందండీ ఈ వార్త?"

"ఇంకెవరు రాస్తారండీ, నేనే," అన్నాను వినయంగా.

"అయితే చదవండి."

చదివాను. "పొగడదిన్నె పాఠశాలయందు బాలికల మరుగుదొడ్లకు తలుపులు అమర్చబడినవి. కుళాయి త్రిప్పినంతనే నీరు ధారగా వచ్చినది. ఈ సౌకర్యమును జిల్లా బాలవార్తా సమన్వయాధికారి శ్రీ మార్కండేయులు గారు స్వయముగా విచ్చేసి, స్వహస్తములతో కుళాయి త్రిప్పి ప్రారంభించిరి. బాలికలు హర్షధ్వానములు చేసిరి." కింద ఆఫీసువారి సవరణ ఒకటి: "మా పేరునకు ముందు 'డాక్టర్' చేర్చవలెను."

నా తెలుగు కాదది. మార్కండేయులు గారి తెలుగు. ఇన్నాళ్ళూ ఆ యాప్ లో ఉత్తర్వులు చదివి చదివి ఆ పిల్లకు ఆ భాష నాకంటే బాగా పట్టుబడిపోయింది. నేను మెల్లగా తల తిప్పి చూశాను. హెప్సిబా బల్ల వెనక కోటులో ముడుచుకుని కూర్చుని ఉంది.

"వెనక్కి తీసుకుందామండీ," అన్నాను గొణుగుతూ.

"ఎట్లా తీసుకుంటారు? ఆ యాప్ లో అబద్ధం అయిందని చెప్పుకోవడానికి చోటే లేదు! రేపు ఆయన వస్తున్నారు, డాక్టర్ అని బోర్డు కూడా చేయించారట. ఇంతకీ ఆ తలుపులెక్కడ పెట్టాం మనం?"

నేను బల్ల మీది జరీ గుడ్డ వంక చూశాను.

"ఇయ్యేనండీ," అంది హెప్సిబా. జరీ గుడ్డ అంచు కొంచెం పైకెత్తింది. "అడుగువైపు మా క్లాసు ఆడపిల్లల పేర్లన్నీ ఉంటాయండీ. నా పేరు కూడా ఉంది."

కోదండపాణి గారు వంగి, బల్ల కిందకు తొంగి చూసి, చాలాసేపటికి లేచారు. నేను వంగలేదు. నా పేరు అక్కడ లేదుగానీ, ఉన్నట్టే అనిపించింది. హెప్సిబా చేసిన పని అని ఆయనకు చెప్పేస్తే బిడ్డను ఏం చేస్తారోనన్న భయం ఒకటి, ప్రశంస నాదేనని ఇప్పుడే ఒప్పుకున్నానన్న మొహమాటం ఒకటి, రెండూ కలిసి నా నోరు నొక్కాయి. జీవితంలో నేను చేసిన ఒక్క మంచిపనికి సగం పునాది గొప్పలకు పోవడమే.

వడ్రంగి వచ్చి జరీ గుడ్డ తీసి మడతపెట్టి నా చేతికిచ్చి, బల్లను విప్పి, తలుపులు చేశాడు. సాయంత్రానికల్లా కొత్త బందులతో నిలబడ్డాయి. పేర్లు లోపలి వైపుకే వచ్చాయి.

శనివారం డాక్టర్ మార్కండేయులు గారు వచ్చారు. పూలదండ వేయించుకుని, నన్ను పక్కకు పిలిచారు.

"మాస్టరు గారూ, మీ కృషికి సంతసించితిమి. ఈ శుభసందర్భమున వార్తలను ఉపాధ్యాయులే చదువుటకు ప్రత్యేక అనుమతి ఇవ్వడమైనది. పై కార్యాలయములన్నియు ప్రత్యక్షముగా వీక్షించును."

కబురు వచ్చింది! ఇల్లు మారకపోవడం ఎంత మంచిదైంది! పరుగున వెళ్ళి కోదండపాణి గారి పెళ్ళికోటు తొడుక్కున్నాను. బొత్తాలు పట్టలేదు. మామూలు బెంచీ మీద జరీ గుడ్డ పరిపించి, నీలం పట్టుచీర ముందు కూర్చున్నాను. షామియానాలాయన వచ్చి దీపాలు వెలిగించాడు. ఎదురుగా స్టాండు మీద ఫోను. కిటికీలోంచి చూస్తే అటు మరుగుదొడ్ల దగ్గర దండతో మార్కండేయులు గారు, చుట్టూ పిల్లలు. ఇటు కిటికీ పక్కనే బయటి గోడకు మోటారు స్విచ్చు, దాని దగ్గర హెప్సిబా. గేటు దగ్గర రూతమ్మ, టీసీ కోసం.

"నమస్కారం," అన్నాను. నా గొంతు ఆ గదిలో గుండ్రంగా తిరిగి నా దగ్గరికే వచ్చింది. అంత బాగుంటుందని నాకే తెలియదు.

అటు మార్కండేయులు గారు స్వహస్తములతో కుళాయి తిప్పారు. ఏమీ రాలేదు. ఇంకొంచెం తిప్పారు. కోదండపాణి గారు మోటారు వైపు చేతులు ఊపుతున్నారు. హెప్సిబా స్విచ్చు మీద చేయి పెట్టి, కిటికీలోంచి నా వంక చూసింది. మోటారు వేస్తే ఏమవుతుందో మా ఇద్దరికే బాగా తెలుసు.

"మాస్టారూ, వెయ్యనా?"

వెంటనే వెయ్యమన్నానని రాసుకుంటే నాకు బాగుండేది. కానీ నేను చేయి ఎత్తి, ఒక్క నిమిషం అని సైగ చేశాను. నా పేరొక్కటి చెప్పుకోనీ తల్లీ, అంతే. "పొగడదిన్నె ఉన్నత పాఠశాల వార్తలు. చదువుతున్నది..." అంటూ ఆ పిల్ల ముఖం చూశాను. పెదవులు పగిలి ఉన్నాయి. గేటు దగ్గర రూతమ్మ కొంగు బిగించి లోపలికి నడవడం మొదలుపెట్టింది. ఎందుకో నా గొంతు కూడా ఎండిపోయింది. కోపం వచ్చింది, ఎవరి మీదో కాదు, ఆ బొత్తాలు పట్టని కోటు మీద.

"వెయ్యమ్మా!" అని అరిచాను. అరిచి, "యజ్ఞ..." అన్నాను.

దీపాలు ఆరిపోయాయి. వాటి తీగకే తగిలించిన ఫోను నెట్ పెట్టె కూడా ఆరిపోయింది. పై కార్యాలయములన్నిటికీ నా పేరులో సగమే చేరింది. ఆ చీకట్లో కూర్చుని వింటుంటే ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడైంది. రెండూ ఒకేసారి ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుందని, తను స్విచ్చు వేయబోతుండగానే దీపాల తీగ పీకేయమని షామియానాలాయనకు ముందే చెప్పి ఉంచింది హెప్సిబా. ఫ్యూజు ఎగరలేదు. నేనే ఆరిపోయాను.

కుళాయి రెండుసార్లు దగ్గి, మార్కండేయులు గారి తెల్లచొక్కా మీద తుప్పు నీళ్ళు ఉమ్మి, ఆ తర్వాత నిజంగానే ధారగా వచ్చింది. బాలికలు హర్షధ్వానములు చేసిరి. ఎవరూ ఈల వెయ్యకుండానే చేశారు. రూతమ్మ తిన్నగా వెళ్ళి తలుపు మూసి చూసింది, గడియ వేసి చూసింది, తీసి చూసింది. మాతో ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి తిరిగి పనికి వెళ్ళిపోయింది.

"ప్రసారమైనదా?" అని అడిగారు మార్కండేయులు గారు, చొక్కా తుడుచుకుంటూ.

"లేదండీ. మధ్యలో పోయింది," అన్నాను.

ఆయన మెడలో దండ సరిచేసుకున్నారు. "ముందుగా ఆమోదించితిమి గనుక ప్రసారమైనట్లే. ఇకపై నీరు వచ్చినదను వార్తను ప్రతిదినము మొదటి అంశముగా చదివింపుడు."

దాంతో ప్రతిరోజూ నీళ్ళు రాక తప్పలేదు. మోటారు వేస్తే దీపాలుండవు, దీపాలు లేనిదే స్టూడియో ఉండదు. షామియానాలాయన దీపాలు పట్టుకుపోయాడు, సైన్సు మేడం చీర పట్టుకుపోయారు, తొమ్మిదో తరగతి తన గదిలోకి వచ్చి తన ఫ్యాను కింద కూర్చుంది. వార్తలు అసెంబ్లీలో చదివి ఫోనులో పంపేవాళ్ళం. ఉత్తమ వార్తాగురువు బిరుదు రావులకుంట మాస్టారికి ఇచ్చారు. ఆయన వార్తల్లో ఆ సంగతి వారం ముందే ఆమోదమైందట.

ఒకరోజు పొద్దున కోదండపాణి గారు ఫోను చూపించారు. ఆ రోజు వార్తల్లో చివరి అంశం: "తెలుగు ఉపాధ్యాయులు శ్రీ యజ్ఞనారాయణ గారు తొమ్మిదవ తరగతికి పాఠము బోధించిరి. విద్యార్థులు ఆశ్చర్యానందములకు లోనైరి." కింద ఆఫీసువారి మాట: "ఆమోదించడమైనది."

"ఇది కూడా మీరే రాశారా?" అన్నారాయన.

"ఇంకెవరు రాస్తారండీ," అన్నాను.

"మరేం చేద్దాం?"

"చేసేదేముందండీ. వార్త వచ్చేసింది. చెప్పాలి."

సుద్దముక్క తీసుకుని తొమ్మిదో తరగతిలోకి వెళ్ళాను. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆనందం సంగతి తెలియదుగానీ, ఆశ్చర్యం మాత్రం కనబడింది. పుస్తకం తెరిచాను. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"ఎక్కడ ఆపామమ్మా?" అని అడిగాను హెప్సిబాని.

ఆ పిల్ల సీసా మూత తీసింది. తొందరేమీ లేకుండా, తల వెనక్కి వాల్చి, సగం సీసా గటగటా తాగింది. మూతి తుడుచుకుని, నిండైన గొంతుతో చెప్పింది.

"ఇంకా మొదలెట్టలేదండీ."